పచ్చి గచ్చు మీద పాట

రాజుగారు మాట్లాడతాడని ఊరు ఊరంతా చర్చిలోకి వచ్చి కూర్చుంది. పిల్లతల్లులు చంటివాళ్లని చంకనేసుకొచ్చారు. ముసలివాళ్లు ఇళ్లలోంచి కుర్చీలు మోయించుకొచ్చారు. ఎవరో ఒకావిడ స్పీకరు ముందు అరటాకు పరిచి రొట్టెలూ ఉడికిన చిక్కుడు గింజలూ కూడా పెట్టింది. రాజు వెయ్యేళ్ల పైచిలుకు తరవాత నోరు విప్పుతున్నాడంటే ఆకలి మీదే ఉంటాడు కదా అని ఆవిడ ఆలోచన.

ఆ ఊరి పేరు సక్‌తూన్. మెక్సికో దేశంలో యుకటాన్ అని ఒక మూల ఉంది. అక్కడ అడవి మధ్యలో తెల్లరాతి ఊరు. ఒకప్పుడు అది మయ జాతి రాజుల పట్నం. ఇప్పుడు నాలుగు వీధులూ, ఒక సంతా, పాత గుడి అరుగు మీద స్పెయిన్‌వాళ్లు కట్టించిన చర్చీ మిగిలాయి. మనుషులు మాత్రం వాళ్లే. ఆ రాజులకి రాళ్లు మోసినవాళ్ల మునిమనవలు.

రాజుని మాట్లాడించే యంత్రం పేరు ఊపిరి కొలిమి. దాన్ని కనిపెట్టింది మేడిశెట్టి నూకరత్నం, మన పెద్దాపురం ఆడమనిషి. చూడ్డానికి రొట్టెలు కాల్చే పొయ్యిలా ఉంటుంది. చేసే పని వేరు. తడి సున్నం ఆరడమంటే నీళ్లు ఇంకిపోవడం ఒక్కటే కాదు, చుట్టూ ఉన్న గాలిని పీల్చుకుని మళ్లీ రాయి కావడం. ఆ గాలిలో అక్కడున్న మనుషుల ఊపిరి ఉంటుంది, ఊపిరిలో మాట తాలూకు వణుకుంటుంది. సున్నం దాన్ని పొరపొరగా దాచుకుంటుంది. సన్నని సెగ మీద మళ్లీ వేడిచేస్తే, పీల్చుకున్న వరసలోనే వదులుతుంది. రత్నం ఆ వదిలిన గాలిని పట్టుకుని మాట చేసింది.

ఆ రోజు కొలిమిలో పెట్టింది గుడి అరుగు తొలి గచ్చు ముక్క, పట్నం పుట్టిన రోజులది. స్పీకరు బరబరమంది. తరవాత దడదడా ఏవో చెక్కల చప్పుళ్లు. ఆ వెనకాల ఒక ఆడగొంతు ఖంగుమని లేచింది, ఎవర్నో ఎడాపెడా వాయించేసింది. జనం నోళ్లు తెరుచుకుని విన్నారు. పాత లిపులు చదివే రోదోల్ఫో గారు, ఈ పనికంతటికీ ఆయనే పెద్ద, చెవులు రిక్కించి కాగితం మీద రాసుకుంటూ పోయాడు. రాస్తున్నకొద్దీ ఆయన మొహం వాడిపోయింది. పట్టాభిషేకం లేదు, పాడు లేదు. ఎవడో నీళ్లకుండ తన్నేశాడు. వాణ్ణి తిడుతోంది.

ముందు నవ్వింది డోన్యా ఎవారిస్తా. డోన్యా అంటే మన అమ్మగారు లాంటి మాట. చర్చి తాళంచెవి ఆవిడ శాలువా కొంగునే ఉంటుంది. ఊళ్లో అందరికంటే పెద్దది. ఆ పాతకాలపు మాటలు ఆవిడకీ సగం సగమే అందాయి గానీ, తిట్టుకి తర్జుమా ఎందుకని నవ్వింది. ఆవిడ నవ్వేసరికి చర్చి అంతా గొల్లుమంది. రోదోల్ఫో గారొక్కడే నవ్వలేదు.

తరవాత తీసిన ముక్కలూ అంతే. ఒకదాంట్లో ఎవడో ఆవలిస్తాడు. ఒకదాంట్లో చంటిపిల్ల ఏడుస్తుంది, ఎవరో జోకొడతారు. ఇంకోదాంట్లో ఇద్దరు మగవాళ్లు సున్నంలో నీళ్లు చాలాయా లేదా అని తగువులాడుకుంటారు. రాజు ఊసే లేదు. ఈ పనికి డబ్బిచ్చినవాళ్లు రాజెక్కడని కబుర్ల మీద కబుర్లు పంపిస్తున్నారు, రోదోల్ఫో గారు నేడో రేపో అంటున్నాడు.

ఒక పొద్దుట రత్నం వంటింటి గుమ్మంలో కూచుని కాఫీ తాగుతూ ఉన్నట్టుండి తల కొట్టుకుంది. భర్త వీర్రాజు పెనం మీద రొట్టె తిరగేస్తూ ఏమైందని అడిగాడు. ఆయన హైస్కూలు హెడ్‌మాస్టరుగా దిగిపోయి, పెళ్లాం వెంట ఇక్కడికొచ్చి, సంతలో బేరాలాడి బేరాలాడి స్పానిష్ నేర్చేసుకున్న మనిషి.

“రాజుగారు పచ్చి గచ్చు మీద కాలు పెడతాడేంటండీ? ఆరాక కదా వచ్చేది” అంది రత్నం. “ఆరాక ఎవరేం మాటాడినా దాంట్లోకి ఎక్కదు. గచ్చులో మిగిలేది గచ్చు కొట్టినోళ్లే.”

వీర్రాజు కాసేపు రొట్టె సంగతే మర్చిపోయాడు. “మరిడమ్మ కూతురివి, ఈ మాత్రం దానికి ఇన్నాళ్లు పట్టిందా నీకు” అన్నాడు. ఎటకారం చేస్తున్నట్టే అన్నాడు గానీ, ఆ మాట రత్నానికి చురుక్కుమంది.

మరిడమ్మ రత్నం తల్లి. పెద్దాపురంలో పాత మేడల మీద గచ్చు కొట్టే ఆడవాళ్ల జట్టుకి పెద్ద. గానుగలో తిప్పిన సున్నం, ఇటుక ముక్కలూ కలిపి పరిచి, కరక్కాయ నీళ్లూ బెల్లం నీళ్లూ చల్లుకుంటూ, ఎదురెదురు వరసల్లో కూచుని చేతి చెక్కలతో రోజుల తరబడి కొట్టేవాళ్లు. కొట్టడానికి పాట కావాలి. పాట లేకపోతే దెబ్బ దారి తప్పుతుంది, దెబ్బ దారి తప్పితే గచ్చు బీట వేస్తుంది. మరిడమ్మ ముందు పాడేది, మిగతావాళ్లు వంత అందుకునేవాళ్లు. రత్నానికి జ్ఞానం వచ్చీ రాని రోజుల్లోనే ఆవిడ జ్వరమొచ్చి పోయింది. ఆ దెబ్బ వరస రత్నం ఒంట్లో ఉంది. పాట మాత్రం లేదు. ఆ జట్టులో ఎవరూ మిగల్లేదు.

ఆ పాట కోసమే ఈ కొలిమి అంతా. లోకానికి ఏ కారణం చెప్పినా అసలు కారణం అదే. తల్లి కొట్టిన సత్రం మేడని పడగొడుతున్నారని తెలిసి, పరుగున వెళ్లి ఒక్క ముక్క తెచ్చుకుంది. అక్కడే ఈ కొలిమి తత్వం తెలిసొచ్చింది. ఒక ముక్కలో ఎన్ని పొరలున్నా సెగని ఒక్క పొరకే శ్రుతి చెయ్యగలం. మిగతా పొరలు ఆ వేడికి ఒక్కసారిగా భగ్గుమని ఊపిరి వదిలేస్తాయి, ఎవరి మాటా ఎవరికీ దక్కదు. మిగిలేది బూడిదలాంటి కాలిన సున్నం. రత్నం అప్పుడు పైపూతని ఎంచుకుంది, నున్నగా శుభ్రంగా ఉంది కదా అని. అందులో తల్లి గొంతు వచ్చింది. “ఎండెక్కకముందే నున్నజేసేద్దారే, పిల్లకి పాలివ్వాల” అంది, అంతే. ఆ పిల్ల తనే. పాట ఉన్నది కింద, కొట్టుడు గచ్చులో. పైపూత పూసేటప్పుడు ఎవరూ పాడరు, చేయి మెత్తగా ఆడాలి కాబట్టి. ఆ సంగతి సున్నం పొడి అరచేతిలోకి తీసుకున్నాక గాని తట్టలేదు. ఆ మేడ అప్పటికే లారీల్లో ఎక్కడికో పోయింది.

సక్‌తూన్‌లోనూ ఇప్పుడు అలాంటి ముక్క ఒక్కటే మిగిలింది. చర్చి నేలలో చాలా భాగం మీద ఎప్పుడో సిమెంటు పోసేశారు. మిగిలిన చోట్ల రోదోల్ఫో గారు తీయించిన ముక్కల్ని కొలిమి తినేసింది. పీఠం ముందు చాప పరిచేంత మేర మాత్రం మూడు పొరలూ చెక్కుచెదరకుండా ఉన్నాయి. అడుగున పట్నం పుట్టినప్పటి గచ్చు. మధ్యది పట్నం ఖాళీ అయ్యే ముందు, ఆఖరిసారి మెత్తింది. పైది స్పెయిన్‌వాళ్లొచ్చి గుడిని చర్చి చేసినప్పుడు ఊరివాళ్లచేత కొట్టించింది. విడదీయబోతే పొరలు పొడైపోతాయి, కోస్తే మాటలు తెగిపోతాయి, కాబట్టి ఒకటి వింటే రెండు పోతాయి. ఏది వినాలో ఊరే చెప్పాలని డోన్యా ఎవారిస్తా పట్టుబట్టింది, నేల వాళ్లది కాబట్టి.

ఊరు సమావేశమైంది. పడుచువాళ్లు అడుగు పొర కావాలన్నారు, మనం గొప్పగా ఉన్న రోజులు ఒక్కసారి వినాలని. రోదోల్ఫో గారు మధ్య పొర కోసం గంట ఉపన్యాసం ఇచ్చాడు. అంత పెద్ద పట్నాలు ఎందుకు ఖాళీ అయ్యాయన్నది లోకమంతా అడుగుతున్న ప్రశ్న, జవాబు చెప్పేవాళ్లెవరైనా ఉంటే ఆ ఆఖరి కూలీలే అన్నాడు. ఆయన చెప్పినదాంట్లో న్యాయముంది. పై పొర ఎవరికీ అక్కర్లేదు. కొరడా చప్పుళ్లు ఎవడు వింటాడు, అవి మాకు తెలీనివా అన్నాడొక రైతు. ఎటూ తేలక, ఆదివారం ప్రార్థన అయ్యాక చెబుతామని లేచారు.

ఈ లోపల వీర్రాజు డోన్యా ఎవారిస్తా వంటింట్లో మొక్కజొన్న పిండి రుబ్బడం నేర్చుకుంటున్నాడు. అక్కడ మొక్కజొన్న గింజల్ని సున్నం నీళ్లలో ఉడకబెట్టి, పొట్టు పోయేదాకా కడిగి, రాతి మీద నూరతారు. సున్నం లేకపోతే ఆ రొట్టె రొట్టే కాదు. వీర్రాజు నూరుతుంటే పిండి సగం రాతి మీద, సగం చొక్కా మీద. అది చూసి ముసలావిడ ఏదో అని పొట్ట పట్టుకుని నవ్విందట. ఇంటికొచ్చి ఆ ముక్క పెళ్లానికి చెప్పాడు.

“నా పని పుస్తకం చదివేవాడు నేల కొట్టినట్టుందట. ఇక్కడ సామెతంట అది. చేతకాని పనికి దిగినవాణ్ణి అలాగంటారంట.”

రత్నం బియ్యం ఏరుతోంది. ఆమె చేయి చేటలోనే ఆగిపోయింది. “ఏ నేలండీ?” అంది.

“నేనేం అడిగానే? రుబ్బుతున్నాను.”

ఆమె చెప్పులు వేసుకుని బయల్దేరింది, వెనకాల వీర్రాజు పిండి చొక్కాతోనే దుబాసీగా నడిచాడు. డోన్యా ఎవారిస్తా వాకిట్లో ఊయలలో పడుకుని ఉంది. సామెత ఎక్కడిదని అడిగితే, సామెతలు ఎక్కడివో ఎవరు చెబుతారని ముందు విసుక్కుంది. తరవాత నెమ్మదిగా గుర్తు చేసుకుంది. వాళ్ల అమ్మమ్మ చెప్పేదట. స్పెయిన్ నుంచి వచ్చిన చర్చి సన్యాసులు ఊరి పుస్తకాల్ని పోగేసి వాకిట్లో కాల్చిన ఏడు, వాటిని చదివి వినిపించే పెద్దాయన్ని చంపలేదట. చంపితే జనం తిరగబడతారని, శిక్షగా చర్చి నేల కొట్టే కూలీల్లో వేశారట. జీవితంలో చెక్క పట్టి ఎరగడు. అందరూ అయ్యో అనుకున్నారట.

రత్నం అక్కడే అరుగు మీద కూలబడింది. నేల కొట్టాలంటే పాట కావాలి. పాటలో ఏదో ఒకటి చెప్పాలి. పుస్తకమంతా నోటికొచ్చినవాడు, ఆ పుస్తకం కాలిపోవడం కళ్లారా చూసినవాడు, రోజంతా వంత పలికే కూలీల మధ్య కూచుని ఇంకేం పాడతాడు? సన్యాసికి మయ భాష సరిగా రాదు. కూలీలు పాడుకుంటూ చురుగ్గా పని చేస్తున్నారని మురిసిపోయి ఉంటాడు.

ఆ సాయంత్రమే రోదోల్ఫో గారితో చెప్పింది. ఆయన చెడ్డవాడు కాదు. ఓపిగ్గా విన్నాడు. విన్నాక, ఒక సామెత పట్టుకుని రెండు కాలాల్ని కాల్చేస్తామా అన్నాడు. ఆ పెద్దాయన నోరు మూసుకుని కొట్టి ఉండొచ్చు. భయపడి సన్యాసి నేర్పిన ప్రార్థనే పాడి ఉండొచ్చు. అసలు అలాంటివాడు లేకపోవచ్చు. అప్పుడు మనకి మిగిలేది ఒక బూడిద గంప, అన్నాడు. రత్నం ఒకసారి తప్పు పొర ఎంచుకున్న మనిషి.

ఆదివారం ఆమే లేచి ఊరికి చెప్పింది, వీర్రాజు తర్జుమా చేశాడు. తన తల్లి సంగతి కూడా చెప్పేసింది, దాచుకోలేదు. నేను చెప్పేది నిజమవ్వాలని లేదు, కాకపోతే మూడూ పోతాయి, పోతే నేను మళ్లీ తేలేను అంది. జనం డోన్యా ఎవారిస్తా వైపు చూశారు. ఆవిడ తాళంచెవిని వేళ్లతో తిప్పుతూ కూచుంది.

“రాజుల కాలంలో మనవాళ్లు పాడిన పాట నాకు వినిపించినా అర్థం కాదు” అంది చివరికి. “నాకు అర్థమయ్యేవాడు ఒకడున్నాడంటున్నారు. ఆయన్ని పిలవండి. పలికితే పలుకుతాడు, లేకపోతే లేదు.”

అలా నేల లేచింది. ఊరి తాపీవాళ్లు పసిపిల్లని ఎత్తినట్టు ఎత్తి కొలిమిలో పెట్టారు. ఈసారి స్పీకరు ముందు ఎవరూ రొట్టెలు పెట్టలేదు. రత్నం సెగ శ్రుతి చేసింది. వీర్రాజు వెనక నిలబడి ఆమె భుజం మీద చేయి వేసి ఉంచాడు.

ముందు గంట మోగింది. ఎవరో దగ్గుతూ స్పానిష్‌లో కేక వేశాడు, త్వరగా కానివ్వమని. చెక్కల చప్పుడు మొదలైంది. ఆ చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. కొలిమి సెగ పైకి పోతోంది, పొర కరిగిపోతోంది, చప్పుడు మీద చప్పుడు. రోదోల్ఫో గారు కళ్లు మూసుకున్నాడు.

ఆ చప్పుళ్లలో ఒక దెబ్బ మాటిమాటికీ తడబడుతోందని ఆమెకే ముందు తెలిసింది. పని రాని చేయి అది. పక్కన ఒక ఆడమనిషి గొంతు తగ్గించి ఏదో అంది. డోన్యా ఎవారిస్తా చటుక్కున తలెత్తి, “పాడు తాతా, పాడితే చేయి కుదురుతుంది అంటోంది” అని చెప్పింది.

ఆ తాత పాడాడు.

సన్నని, బొంగురు గొంతు. ఒక్కో చరణం తను అనడం, మిగతావాళ్లు వంత పలకడం. తప్పు పలికితే ఆగి, మళ్లీ చెప్పి, సరిగా పలికేదాకా ముందుకు పోలేదు. పాడుతున్నవాడిలా లేడు, పాఠం చెబుతున్నవాడిలా ఉన్నాడు. డోన్యా ఎవారిస్తా వింటూ చెబుతోంది, ఆవిడకి అందనివి రోదోల్ఫో గారు అందిస్తున్నాడు. నీళ్లున్న చోట మా పెద్దలు కూచున్నారన్నాడు. రాయి కాల్చి సున్నం చేశారు, సున్నం మెత్తి పట్నం కట్టారు, చంద్రుడికి కూడా కన్ను చెదిరిందన్నాడు. ఒక్కో రాజు పేరూ, ఆ రాజు తల్లి పేరూ చెప్పుకుంటూ పోయాడు. పడుచువాళ్లు అడిగిన గొప్పంతా అక్కడే ఉంది.

తరవాత పాట మెల్లగా దిగింది. రాయి కాల్చడానికి చెట్టు కాల్చారట. గోడ తెల్లబడినకొద్దీ అడవి వెనక్కి పోయిందట. వాన వచ్చి చూసి, ఇక్కడ నేను నిలవడానికి చోటేదని అడిగి వెళ్లిపోయిందట. రాజుని ఎవరూ చంపలేదు. నీళ్లు మోసేవాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. కొన్నాళ్లు రాజే నీళ్లు మోసుకున్నాడు, ఆపైన ఆయనా కుండ దించి నడిచి వెళ్లాడు. ఆ మాట తిరిగి చెప్పింది రోదోల్ఫో గారే. ఆయన జీవితమంతా అడిగిన ప్రశ్నకి జవాబు, కూలీలు వంత పలికిన రెండు చరణాల్లో ఉంది.

ఇంకా పాడుతున్నాడు తాత. గడ్డాలవాళ్లు ఓడల్లో వచ్చారు. వాళ్లకంటే ముందు జబ్బు వచ్చింది. మనుషుల్ని పూడ్చే మనుషులు లేకపోయారు. పుస్తకాల్ని కాల్చారు, చదివేవాళ్లు నిలబడి చూశారు. ఇప్పటికి చర్చిలో జనం కూడా వంత పలుకుతున్నారు. ఎవరు మొదలుపెట్టారో తెలీదు. ఆయన చరణం వదలగానే ఆ కూలీలతో పాటు వీళ్లూ అందుకుంటున్నారు. నాలుగున్నర వందల ఏళ్ల నాటి గొంతులూ, ఇవాళ్టి గొంతులూ కలిసిపోయాయి. వీర్రాజు కూడా పలికేస్తున్నాడు, అర్థం తెలియకపోయినా.

“ఇవాళ మేం వాళ్ల ఇంటికి నేల కొడుతున్నాం” అన్నాడు తాత. అందరూ వంత పలికారు. “మా తరవాత...” అన్నాడు.

గంట మోగింది. దగ్గే గొంతు, చాలు, నేల కుదిరింది, ప్రార్థనకి లేవండని అరిచింది. చెక్కలు ఆగిపోయాయి. కాళ్ల చప్పుళ్లు. తరవాత నిశ్శబ్దం. రత్నం సెగ పెంచింది, తగ్గించింది, ఏమీ రాలేదు. ఇక మిగతా రెండు పొరలూ ఆ వేడికి తాళలేక ఒక్కసారిగా వదిలేశాయి. స్పీకర్లో అది ఒక పెద్ద నిట్టూర్పు. అందులో ఎంతమంది ఆడవాళ్ల వేళాకోళాలు ఉన్నాయో, ఎంతమంది చంటిపిల్లల ఏడుపులు ఉన్నాయో, ఇక ఎవరికీ ఎప్పటికీ తెలీదు. జనం టోపీలు తీసి తలలు దించుకున్నారు. పాట దక్కినందుకు రత్నానికి సంతోషంగానే ఉంది. పోయినవాళ్ల కోసం ఏడుపూ వచ్చింది. రెంటినీ ఆపుకోలేదు.

కొలిమిలో మిగిలింది తెల్లటి కాలిన సున్నం. దాన్ని సీసాల్లో పోసి ప్రదర్శనశాలలో పెడదామన్నాడు రోదోల్ఫో గారు. డోన్యా ఎవారిస్తా ఒప్పుకోలేదు. దోసెడు తీసుకుని మొక్కజొన్న ఉడుక్కి వాడింది, ఆ రొట్టెలు ఇంటింటికీ పంచింది. మిగిలిందాని సంగతేంటంటే, “నేల తీశారు, నేల పెట్టండి” అంది.

అది పెద్ద శ్రమ కాదు. సున్నమన్నది అంతే కదా, కాల్చితే పొడి, నీళ్లు పోస్తే పచ్చిది, గాలి తాకితే మళ్లీ రాయి. మంచి సున్నం ఇంకొంచెం కలిపి, కరక్కాయ బదులు అక్కడివాళ్లు వాడే చుకుమ్ చెట్టు బెరడు నీళ్లు పోశారు. తడి సున్నం వాసన కొట్టేసరికి రత్నానికి పెద్దాపురం మేడలు గుర్తొచ్చాయి. కొట్టుడు చెక్కలు తనే దగ్గరుండి చేయించింది. రెండు వరసల్లో ఊరివాళ్లు కూచున్నారు. ఆమెని మధ్యలో కూచోబెట్టారు, దెబ్బ వరస ఆమెదే కాబట్టి.

కూచునే ముందు డోన్యా ఎవారిస్తా ఆమెని పక్కకి పిలిచి, వీర్రాజు ద్వారా, మీ అమ్మ పేరేమిటని అడిగింది. ఎందుకంటే చెప్పలేదు. పాటలో తల్లి పేరు లేకుండా ఎవరూ రారు, నువ్వు విన్నావు కదా, అని మాత్రం అంది. రత్నం పేరు చెప్పింది. ముసలావిడ నోట్లోనే నాలుగైదుసార్లు చదువుకుంది, డకారం దగ్గర నాలుక తడబడుతుంటే మళ్లీ మళ్లీ చెప్పించుకుంది.

కొట్టడం మొదలైంది. రత్నం చేయి దానంతటదే లేచింది, పడింది. అందరి చేతులూ దాన్ని పట్టుకున్నాయి. డోన్యా ఎవారిస్తా తాత పాట ఎత్తుకుంది. అప్పటికే ఊరందరికీ నోటికొచ్చింది. నీళ్లున్న చోట నుంచి మొదలుపెట్టి, తెల్ల పట్నం మీదుగా, నడిచిపోయిన రాజు మీదుగా, కాలిన పుస్తకాల దాకా వచ్చారు. ఇవాళ మేం వాళ్ల ఇంటికి నేల కొడుతున్నాం అన్నారు. తాత ఆగిన చోటికి వచ్చారు.

“మా తరవాత” అంది డోన్యా ఎవారిస్తా. దెబ్బలు ఆగలేదు. ఆవిడ ఒక ఊపిరి తీసుకుని, కొత్త చరణం పాడింది. అందరూ వంత పలికారు. ఇంకోటి పాడింది. ఆ మాటల మధ్య రత్నానికి తెలిసిన మాట ఒకటి వినబడి, చెవులు నమ్మలేక వీర్రాజు వైపు చూసింది.

వీర్రాజు చెక్క కొడుతూనే పక్కవాణ్ణి స్పానిష్‌లో అడిగి, చెంపలు తడిసిపోతుండగా చెప్పాడు. “సముద్రం అవతల నుంచి మరిడమ్మ కూతురొచ్చింది అంటోందే. నేల కొట్టే మరిడమ్మ కూతురు. వచ్చి తాతని లేపిందంట.”

ఊరంతా మరిడమ్మా అని వంత పలికింది. పచ్చి గచ్చు ఆ పేరుని లోపలికి తీసుకుంటోంది. రత్నం తల దించుకుని, దెబ్బ తప్పకుండా కొడుతూ పోయింది.